పప్పు ఉడికితే మంచినీళ్లేనా?

నీళ్ల మంచిచెడ్డలు తేల్చడానికి మన ఇళ్లలో ఎప్పటినుంచో మూడు పరీక్షలు ఉన్నాయి. కందిపప్పు తొందరగా ఉడకాలి. సబ్బు నురగ రావాలి. గుక్కెడు నోట్లో పోసుకుంటే ఉప్పగా, చవుడుగా కాకుండా తియ్యగా దిగాలి. ఈ మూడూ నెగ్గిన బావికి ఊళ్లో ఎంత గౌరవం ఉండేదో పాతతరం వాళ్లకు తెలుసు. తెల్లారకముందే అక్కడ బిందెలు వరస కట్టేవి. పెళ్లి వంటలకు ఆ నీళ్లే తెప్పించేవారు. పక్కవీధిలోనే ఇంకో బావి నిండుగా ఉన్నా, ఉప్పుబావి అయితే దాని నీళ్లు అంట్లకూ పశువులకూ తప్ప పొయ్యి దగ్గరికి వచ్చేవి కావు.

ఆ పరీక్షలను తక్కువ చేసి మాట్లాడటానికి నాకు మనసొప్పదు. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే పప్పుబద్ద మెత్తబడదు, సబ్బు విరిగిపోతుంది. అంటే మన ఆడవాళ్లు పొయ్యి ముందు కూర్చుని చేసింది నీటి కాఠిన్యం పరీక్షే. నాలుకతో చేసింది లవణాల పరీక్ష. తరతరాల పాటు ఊళ్లను నిలబెట్టిన తెలివి అది. కానీ ఆ తెలివికి అందనివి కొన్ని ఉన్నాయి. ఫ్లోరైడు నాలుకకు తెలియదు. నైట్రేటు తెలియదు. ఆర్సెనిక్ అసలే తెలియదు. హాని చేసేంత మోతాదులో ఉన్నా వాటికి రంగు లేదు, వాసన లేదు. గ్లాసులో పోసి వెలుతురుకు పట్టి చూస్తే ఆ నీళ్లు కొబ్బరినీళ్లంత తేటగా ఉంటాయి.

నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉన్నచోట అది ఫ్లోరైడును పట్టి ఉంచుతుంది, ఎక్కువగా కరగనివ్వదు. కాల్షియం తగ్గి, సోడియం, బైకార్బొనేట్ పెరిగిన నీళ్లలో ఫ్లోరైడు బాగా కరుగుతుంది. అందువల్ల పప్పును చక్కగా ఉడికించే మెత్తని నీళ్లే చాలాచోట్ల ఫ్లోరైడును మోసుకొచ్చే నీళ్లు అవుతాయి. పిల్లలకు మంచినీళ్లే పట్టాలని, దూరమైనా నడిచి, ఏరికోరి ఒక తల్లి తెచ్చిన బిందెలోనే వాళ్ల ఎముకలకు కీడు ఉండి ఉంటే ఆమె తప్పేముంది? తన చేతిలో ఉన్న పరీక్షలన్నీ ఆమె చేసింది.

ఫ్లోరైడు తెచ్చే జబ్బు ఫ్లోరోసిస్ అనగానే అందరికీ నల్లగొండ గుర్తొస్తుంది. మన దేశంలో ఈ జబ్బు మొదట బయటపడింది మాత్రం అప్పటి నెల్లూరు జిల్లాలో, పొదిలి, దర్శి, కనిగిరి వైపు పల్లెల్లో. దున్నే ఎడ్లు కీళ్లు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోవడం రైతులే ముందుగా గమనించారని చెబుతారు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే పరిశోధకులు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ జబ్బు గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. అంతవరకూ మెడ తిప్పలేని, నడుము వంచలేని మనుషులు తమకు వచ్చింది వాతమనో, పూర్వజన్మ పాపమనో అనుకుని బతుకు ఈడ్చారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, ఆంధ్రప్రదేశ్‌లోని ఫ్లోరైడు ప్రాంతాల్లో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోతున్నాయని లాన్సెట్ పత్రికలో వెల్లడించారు. ఆ దశాబ్దంలోనే నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని తయారుచేసింది. దానికి పెట్టిన పేరు నల్లగొండ టెక్నిక్. మన జిల్లా పేరు ప్రపంచమంతటా నీటి ఇంజనీర్ల పుస్తకాల్లో ఉంది. ఆ పేరు అక్కడికి చేరడానికి ఎంతమంది వెన్నెముకలు వంగాయో తలచుకుంటే దాన్ని గొప్పగా చెప్పుకోవాలనిపించదు.

తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని మన భారతీయ ప్రమాణం. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ హద్దు దాటిన నీళ్లు తాగుతూ పెరిగిన పిల్లల ముందుపళ్ల మీద, ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి, సుద్ద రాసినట్టు తెల్లమచ్చలు, గోధుమరంగు చారలు తేలతాయి. పన్ను చిగురు లోపల తయారవుతున్న ఏళ్లలో ఆ బిడ్డ ఏ నీళ్లు తాగిందో ఆ చారలు చెబుతాయి. అప్పటికి ఆ నీళ్లు తాగేశారు. ఎముకలో చేరి వంకర తెచ్చిన ఫ్లోరైడును వెనక్కి తీసే మందు లేదు. సీసాడు నీళ్లు పట్టి పంపితే కొద్దిరోజుల్లో వచ్చే జవాబు కోసం బిడ్డ పళ్లు వచ్చేదాకా ఆగడం ఎంత అన్యాయం!

ఊరికి వచ్చే పథకం నీళ్లను పరీక్షించడం ప్రభుత్వం పని. జల్ జీవన్ మిషన్ వచ్చాక ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు కిట్లతో నీళ్లు పరీక్షించడం నేర్పాలన్నారు. నల్లగొండ పల్లెలకు కృష్ణా నీళ్లు వచ్చాయి, మిషన్ భగీరథ కుళాయిలు వచ్చాయి. ఇవన్నీ మంచి పనులే. అయితే ప్రహరీ గోడ లోపల, మెట్ల పక్కన మనం వేయించుకున్న బోరు సంగతి ఎవరు చూస్తారు? దాని నీళ్లు పరీక్షించడానికి ఎవరూ గడప తొక్కరు. అది మన సొంతం, మంచీచెడూ కూడా మన సొంతమే.

బోరు వేసే రోజు ఇంటిల్లిపాదికీ పండగే. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చోటు చూసేవాళ్లు వస్తారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయతో పూజ జరుగుతుంది. బండి చప్పుడుకు వీధంతా మేలుకుంటుంది. బూడిదరంగు రాతిపొడి లేచి చెట్ల ఆకుల మీద పరుచుకుంటుంది. ఎంతసేపటికో తడి మట్టి, ఆ వెనక నీళ్లు. చుట్టుపక్కల వాళ్లు వచ్చి అడుగుతారు: ఎన్ని అడుగుల్లో పడింది? ఎన్ని ఇంచుల నీళ్లు? ఉప్పా, మంచివా? ఇల్లాలు దోసిలితో పట్టి నోట్లో పోసుకుని, బాగానే ఉన్నాయని తలూపుతుంది. అప్పటి ఆ సంతోషం నిజమైనది. వేల రూపాయలు అప్పు చేసి ఎండిన బోర్లు చూసినవాళ్లకు దాని విలువ తెలుసు. ఆ సంతోషంలో ఎవరైనా ఒకరు, ఒక సీసాడు నీళ్లు పట్టి పరీక్షకు పంపుదామంటే ఎంత బాగుండేదో అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. అంత ఖర్చులో ఆ పరీక్ష ఖర్చు లెక్కలోకే రాదు.

పక్కింటి వాళ్లు చేయించారు కదా అంటే చాలదు. మన తెలుగు నేలలో చాలా భాగం గ్రానైటు రాయి మీద ఉంది. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఉంటాయి. ఒక పెరట్లో తగిలిన పగులు పక్క పెరట్లో తగలకపోవచ్చు. ఒకే వీధిలో రెండు బోర్లకు ఫ్లోరైడు లెక్కలు పొంతన లేకుండా రావడం మామూలే. పోనీ అయిదేళ్ల కిందట చేయించాం అన్నా చాలదు. నీళ్లు అడుగంటితే బోరును లోతుకు దించుతాం. రాతి మధ్య ఎక్కువకాలం నిలిచిన నీళ్లు ఆ రాతిలోని ఖనిజాలను ఎక్కువగా కరిగించుకుంటాయి. బోరు లోతు మారితే పాత కాగితం పనికిరాదు.

నమూనా పట్టడం చూడటానికి చిన్న పని. కానీ దాన్ని శ్రద్ధగా చేసేవాళ్లను చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. వాళ్లు ముందు మోటారును కాసేపు వదిలేస్తారు. గొట్టంలో నిలవున్న నీళ్లు పోయి నేలలోంచి వచ్చే కొత్త నీళ్లు రావాలి. మేడ మీద ట్యాంకు నీళ్లూ, ఫిల్టరు దాటిన నీళ్లూ వద్దంటారు. ఫ్లోరైడుకు ప్లాస్టిక్ సీసానే వాడతారు, గాజుతో ఫ్లోరైడుకు చుట్టరికం ఎక్కువ. అదే నీళ్లతో సీసాను రెండు మూడుసార్లు తొలిచి నింపుతారు. సూక్ష్మజీవుల పరీక్షకైతే పద్ధతి మారిపోతుంది. శుద్ధి చేసిన సీసా కావాలి, తొలవకూడదు, మంచులో పెట్టి వెంటనే చేర్చాలి. ఫ్యాక్టరీ ద్రావకాలు ఉన్నాయేమో చూడాలంటే చిన్న గాజు సీసాలో గాలిబుడగ ఒక్కటి కూడా లేకుండా పట్టాలి, లేకపోతే వెతుకుతున్నదే ఎగిరిపోతుంది. చివరికి సీసా మీద ఊరు, బోరు లోతు, తేదీ, వేళ రాస్తారు. ఏది రాయకపోయినా రేపు ఆ అంకె ఎక్కడిదో ఎవరికీ తెలియదు.

ఇంత శ్రద్ధకు బదులు ఇప్పుడు ఇంటింటికీ ఒక పెన్నులాంటి టీడీఎస్ మీటరు వచ్చింది. ముంచగానే అంకె చూపిస్తుంది. ఆ అంకె నీళ్లలో కరిగిన లవణాల మొత్తం మీద ఒక అంచనా మాత్రమే. 600 అని చూపించిన నీళ్లలో 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్నా, లేకపోయినా ఆ మీటరుకు తేడా తెలియదు. దాన్ని నమ్మి నిశ్చింతగా ఉన్న ఇళ్లు చాలా చూశాను. యంత్రాలు అమ్మడానికి వచ్చేవాళ్లు కొందరు గ్లాసులో కడ్డీలు పెట్టి కరెంటు ఇస్తారు. మన నీళ్లు ఎర్రగా, నల్లగా మారిపోతాయి. ఇంట్లోవాళ్లు హడలిపోతారు. ఆ రంగులో ఎక్కువ భాగం కడ్డీలోని ఇనుము కరిగి వచ్చిన తుప్పు. లవణాలున్న ఏ నీళ్లయినా అలాగే మారతాయి. అది పరీక్ష కాదు, మనుషుల భయంతో చేసే వ్యాపారం. దాన్ని నేను క్షమించలేను. ఆర్వో యంత్రం ఫ్లోరైడును, నైట్రేటును తగ్గిస్తుంది, నిజమే. ఏది ఎంత ఉందో తెలిసి పెట్టుకుంటే, పొర పాడైందో లేదో ఏడాదికోసారి చూయించుకుంటే అది మంచి సాధనమే.

కాచి తాగుతున్నాం కదా అనేవాళ్లకు ఒక మాట. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడూ నైట్రేటూ అలాగే ఉంటాయి, నీళ్లు ఆవిరైన మేరకు ఇంకాస్త చిక్కబడతాయి కూడా. 1945లో అమెరికాలోని అయోవాలో హంటర్ కామ్లీ అనే వైద్యుడు, ఒళ్లు నీలంగా మారిపోతున్న చంటిపిల్లలను చూసి, వాళ్ల పాలు కలిపిన బావినీళ్ల దాకా వెతుక్కుంటూ వెళ్లాడు. కారణం నైట్రేటు. పొలంలో చల్లిన యూరియా నుంచి, పశువుల పెంట నుంచి, ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకు నుంచి అది నేలలోకి దిగుతుంది. మన పట్టణాల శివార్లలో వంద గజాల స్థలంలో ఇల్లు, బోరు, సెప్టిక్ ట్యాంకు మూడూ ఇరుక్కుని ఉంటాయి. మన ప్రమాణం ప్రకారం నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. చంటిపిల్లలకు డబ్బాపాలు కలిపే ఇళ్లలోనైనా ఈ ఒక్క అంకె తెలుసుకోవాలి.

ప్రయోగశాల కాగితం చేతికొచ్చాక అన్నీ బాగున్నాయని మడిచి పెట్టేస్తాం. ఆ కాగితంలో లేని వరసల గురించి ఆలోచించం. బంగ్లాదేశ్ కథ నన్ను ఇక్కడే ఆపేస్తుంది. చెరువు నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి అక్కడ ఊరూరా గొట్టపు బావులు వేశారు. ఎంతో మంచి ఉద్దేశం. ఆ నీళ్లు తేటగా, చల్లగా ఉండేవి, జనం ఇష్టంగా తాగారు. 1992లో ఒక బ్రిటిష్ భూగర్భ సంస్థ కొన్ని బావుల నీళ్లను పరీక్షించి నివేదిక ఇచ్చింది. చాలా మూలకాలను చూశారు, ఆర్సెనిక్‌ను చూడలేదు. మరుసటి ఏడాదే ఆ దేశపు బావుల్లో ఆర్సెనిక్ బయటపడింది. చర్మం మీద మచ్చలు, అరచేతుల్లో గట్టి బుడిపెలు, ఆ తర్వాత క్యాన్సర్లు. ఒక గ్రామస్థుడు ఇంగ్లండ్ కోర్టులో ఆ సంస్థ మీద దావా వేశాడు. 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని కొట్టేసింది. తాగేవాళ్ల పట్ల ఆ సంస్థకు చట్టపరమైన బాధ్యత లేదని తీర్పు. చట్టం ప్రకారం సరైనదే కావచ్చు. ఆ మనిషి అరచేతులను తలచుకుంటే నాకు మాత్రం ఆ తీర్పు మింగుడుపడదు. అందుకే ప్రయోగశాలకు వెళ్లేముందు మన నేల ఎలాంటిది, పక్కన పొలమా, ఫ్యాక్టరీయా, చెత్తదిబ్బా అని చెప్పి, ఏమేం చూడాలో అడగాలి. అడగని దానికి జవాబు రాదు.

అడిగినా రాని జవాబులూ ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇన్నేళ్లుగా ఇళ్లకు ఇళ్లను తినేస్తోంది. ఎన్ని బృందాలు వచ్చి నీళ్లు పరీక్షించినా అందరూ ఒప్పుకునే ఒక్క కారణం తేలలేదు. తేలేదాకా ఆగకుండా వంశధార నీళ్లను హిరమండలం జలాశయం నుంచి ఆ ఊళ్లకు తెచ్చారు, 2023 డిసెంబరులో ఆ పథకం మొదలైంది. అనుమానం ఉన్న నీళ్లను మానుకోవడానికి రుజువు వచ్చేదాకా ఆగక్కర్లేదని నాకు ఆ పని చెప్పింది.

ఇంత తెలిసీ మనం పరీక్షకు ఎందుకు వెళ్లం? డబ్బు ఒక కారణం, తీరిక ఒక కారణం. వాటికన్నా పెద్ద కారణం భయమేమో. చెడ్డ అంకె వస్తే ఏం చేయాలి? ఇల్లు అమ్ముడుపోతుందా? ఫ్లోరైడు ఊళ్లకు పిల్లనివ్వడానికి వెనుకాడిన రోజులు నల్లగొండ వాళ్లకు తెలుసు. తెలియకపోతేనే మనశ్శాంతి అనుకునేవాళ్లను నేను తప్పుపట్టలేను. కానీ బంగ్లాదేశ్‌లో 2000 తర్వాతి కొద్ది ఏళ్లలో దాదాపు 50 లక్షల గొట్టపు బావులను పరీక్షించారు. చెడ్డవాటి మూతికి ఎర్రరంగు, మంచివాటికి ఆకుపచ్చరంగు పూశారు. ఎర్రరంగు పడ్డవి సుమారు 14 లక్షలు. చాలాచోట్ల ఎర్రబావికి కొద్ది దూరంలోనే పచ్చబావి ఉంది. రంగు చూశాక చాలామంది పక్కవాళ్ల బావికి నడిచి వెళ్లడం మొదలుపెట్టారు, పక్కవాళ్లు రానిచ్చారు. చెడ్డ కబురు తెలిసినందువల్లే మంచినీళ్లు ఎక్కడున్నాయో కూడా తెలిసింది.

పరీక్ష కాగితం ఒక్కోసారి న్యాయానికి కూడా ఆధారం అవుతుంది. 1980ల చివర రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిచ్‌ఛిడీ అనే ఊరి పక్కన రసాయన ఫ్యాక్టరీలు హెచ్-యాసిడ్ అనే రసాయనం తయారుచేసి, 2,400 టన్నులకు పైగా విషపు బురదను ఆరుబయట పోశాయి. వాన నీళ్లతో అది నేలలోకి దిగి బావులను పాడుచేసింది. మనుషులకే కాదు, పశువులకూ ఆ నీళ్లు పనికిరాకుండా పోయాయి. నల్లగొండ టెక్నిక్ తయారుచేసిన నీరి సంస్థే అక్కడి నేలను, నీళ్లను పరీక్షించి 350 హెక్టార్ల మేర కలుషితమైందని సుప్రీంకోర్టుకు చెప్పింది. 1996 ఫిబ్రవరిలో తీర్పు రాసింది మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలని ఆయన రాసిన మాటను ఈనాటికీ దేశంలోని కోర్టులు చూపిస్తున్నాయి. పటాన్‌చెరు దగ్గర నక్కవాగు వెంట రంగు మారిన బావులను చూసిన రైతులకు ఆ మాట విలువ విడమరచి చెప్పక్కర్లేదు. బావి బాగున్నప్పుడు తీసిన ఒక కాగితం ఉంటే, అది చెడిన రోజున దాని బలం ఎంతో ఉంటుంది.

అమెరికాలో కూడా సొంత బావి నీళ్ల పూచీ ఫెడరల్ ప్రభుత్వానిది కాదు. అక్కడ 4 కోట్లకు పైగా జనం ఇంటి బావుల మీద ఆధారపడి ఉన్నారు. అయితే మన తెలుగువాళ్లు ఎంతోమంది ఇళ్లు కొనుక్కున్న న్యూజెర్సీలో, 2001లో ఒక చట్టం చేశారు. బావి ఉన్న ఇల్లు అమ్మాలంటే ఆ నీళ్లు పరీక్ష చేయించి, ఫలితం అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ ఇద్దరికీ చూపించాలి. అద్దెకిచ్చేవాళ్లు అయిదేళ్లకోసారి చేయించి అద్దెకున్నవాళ్లకు చెప్పాలి. ఇక్కడ మనం ఫ్లాటు కొనేటప్పుడు వాస్తు చూస్తాం, లింకు డాక్యుమెంట్లు చూస్తాం, బ్యాంకు లోను చూస్తాం. రిజిస్ట్రేషన్ కాగితాల్లో బోరు నీళ్ల కాగితం ఒకటి చేర్చమని మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆదేశిస్తే ఎవరికీ పెద్ద కష్టం ఉండదు. అలాంటి చట్టం మనకూ రావాలి.

అది వచ్చేలోగా, మీ ఇంట్లో బోరు గానీ బావి గానీ ఉంటే, వానలకు ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి నీళ్లు పరీక్ష చేయించండి. జిల్లాల్లో గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలు ఉన్నాయి, సామాన్యుల నమూనాలు కూడా కొద్దిపాటి రుసుముకే తీసుకుంటాయి. ఫ్లోరైడు, నైట్రేటు, కాఠిన్యం, సూక్ష్మజీవులు తప్పకుండా అడగండి. పక్కన పరిశ్రమ ఉంటే ఆ సంగతి చెప్పి ఇంకేం చూడాలో అడగండి. వచ్చిన కాగితాన్ని బోరు లోతు, తేదీతో పాటు దాచుకోండి. అందులో ఏముందో గోడ అవతలి వాళ్లకూ, మీ ఇంట్లో అద్దెకున్నవాళ్లకూ, పనికి వచ్చి మీ కుళాయి దగ్గర బాటిల్ నింపుకునే మనిషికీ చెప్పండి.